సహసంబంధము – కారణము – ఉపాధి

రెండు విషయములు కూడి యుండుట యొకటి. అందొకటి మఱియొకదానికి కారణమగుట వేఱొకటి. ఈ భేదము మనవారికి క్రొత్తది కాదు. కాకి వచ్చి వ్రాలుటయు, తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంత మాత్రమున కాకియే పండును రాల్చినదని చెప్పరాదని కాకతాళీయ న్యాయము బోధించుచున్నది. అయినను నేడు మనస్తత్వ శాస్త్రమునందును, విద్యాశాస్త్రమునందును, భాషాబోధనమునందును వెలువడుచున్న పరిశోధనములలో సంఖ్యల వాడుక పెరిగిన కొలది ఈ పాతమాట మఱుగున పడుచున్నట్లు తోచుచున్నది. సహసంబంధ గుణకమను నొక చిన్న దశాంశ సంఖ్య చేతికి చిక్కగానే పరిశోధకుడు దానినే తన సిద్ధాంతమునకు ఋజువుగా చూపుట తఱుచు. ఆ సంఖ్య ఏమి చెప్పును, ఏమి చెప్పదు, దానిని చదువవలసిన తీరెట్టిది అను మూడు ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

తెలుగు శాఖవారి సంచికలో ఈ విషయమునకు చోటేల యని శంక కలుగవచ్చును. మాతృభాషా బోధనము, శిశువుల పదసంపద, మాండలిక భేదములు, ద్విభాషీయుల పఠనశక్తి మున్నగునవి యన్నియు మన శాఖలలో పరిశోధనకు వచ్చు విషయములే. వీనిలో ఏది చేపట్టినను పిల్లలకు పరీక్షలు పెట్టుట, మార్కులు వేయుట, ఒక మార్కుల వరుసను మఱియొక వరుసతో పోల్చుట తప్పదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పైగా తప్పులు చేసియు దిద్దుకొనియు సంపాదించిన పద్ధతిని మనమును ఎఱిగి యుండుట మేలు.

ఉదాహరణమునకు బూర్గంపాడు ప్రాంతమును గ్రహింతము. ఈ మండలము గోదావరికి దక్షిణ తీరమున, భద్రాచలమున కెదురుగా నున్నది. కిన్నెరసాని యీ ప్రాంతముననే గోదావరిలో కలియుచున్నది. స్వాతంత్ర్యమునకు పూర్వము ఈ యొడ్డు నిజాము ఏలుబడిలోను, ఆ యొడ్డు బ్రిటిషువారి మద్రాసు రాజధానిలోను ఉండెను. రెండు దరులను కోయలు నివసించుచున్నారు. కోయభాష గోండీకి దగ్గఱి చుట్టమైన ద్రావిడ భాష. అందలి గొమ్ము మాండలికపు వ్యాకరణ స్వరూపమును స్టీఫెన్ టైలర్ 1969లో ప్రకటించెను. కోయ కుటుంబములలో తెలుగే ఇంటిభాషగా మాఱినవియు కలవు. కోయను నిలుపుకొన్నవియు కలవు. బడిలో మాత్రము పాఠ్యపుస్తకము తెలుగు. ఇట్టిచోట ఉపాధ్యాయుల నోట ఒక మాట వినబడుచుండును: ఇంట కోయ మాటలాడు పిల్లలకు చదువు రాదు, ఆ భాషయే వారికడ్డము. ఈ మాటను సంఖ్యలతో స్థాపింపబూనిన పరిశోధక విద్యార్థి యొకడున్నాడనుకొందము. అతడు పడదగిన చిక్కులన్నియు సహసంబంధ శాస్త్రపు చిక్కులే.

గుణకము పుట్టుక

సహసంబంధ భావమునకు కొలత కల్పించినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన 1888లో మనుష్యుల యవయవముల కొలతలు తీసికొని, పొడగరులకు మూర పొడవు కూడ సాధారణముగా ఎక్కువగా నుండునని చూపుటతో తృప్తి చెందక, ఆ యెక్కువ యెంత నియమముతో కూడినదో ఒక సంఖ్యగా చెప్పెను. ఎత్తునకును మూరకును గల సంబంధము ఆయన లెక్కలో సుమారు 0.8. కార్ల్ పియర్సన్ 1896లో ఈ లెక్కకు నేటి సూత్రరూపము నిచ్చెను. చార్లెస్ స్పియర్‌మన్ 1904లో దీనిని మనశ్శక్తుల పరిశోధనమునకు ప్రయోగించి, మార్కులకు బదులు వరుస స్థానములతో లెక్కించు కోటి సహసంబంధమును ప్రచారమునకు తెచ్చెను. మన దేశమున 1931లో మహలనోబిస్ స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థ యీ విద్యకు నెలవైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి అచ్చట చేరిన సి. ఆర్. రావు (1920–2023) ఆ శాస్త్రమున లోకప్రసిద్ధుడయ్యెను.

లెక్క చేయు తీరు

సూత్రము భయపెట్టునది కాదు. ఐదుగురు పిల్లలున్నారని ఊహింతము. తెలుగు పదజ్ఞాన పరీక్షలో వారికి వరుసగా 2, 4, 6, 8, 10 మార్కులును, చదివి గ్రహించు పరీక్షలో 3, 5, 4, 8, 10 మార్కులును వచ్చినవి. రెండు వరుసలకును సగటు 6. ప్రతి మార్కునుండియు సగటును తీసివేయగా మొదటి వరుస విచలనములు −4, −2, 0, 2, 4. రెండవ వరుసవి −3, −1, −2, 2, 4. ప్రతి పిల్లవాని రెండు విచలనములను హెచ్చించి కూడగా 34 వచ్చును. మొదటి వరుస విచలనముల వర్గముల మొత్తము 40; రెండవ వరుసది 34. ఈ రెండు మొత్తములను హెచ్చింపగా 1360. దాని వర్గమూలము 36.88. ఇప్పుడు 34ను 36.88చే భాగింపగా 0.92 వచ్చును. ఇదియే సహసంబంధ గుణకము.

ఇందలి యర్థము సులభము. ఒక విషయమున సగటుకు పైనున్నవాడు రెండవదానను పైననే యుండి, క్రిందనున్నవాడు క్రిందనే యున్నచో లబ్ధములన్నియు ధనరాశులై గుణకము +1 వైపునకు పోవును. ఒకదాన పైనున్నవాడు రెండవదాన క్రిందనున్నచో గుణకము −1 వైపునకు పోవును. పైక్రిందుల కేమియు పొంతన లేనిచో లబ్ధములు ఒకదానినొకటి కొట్టివేసికొని గుణకము సున్నకు చేరును. కావున గుర్తు సంబంధముయొక్క దిక్కును, పరిమాణము దాని బిగువును తెలుపును. −0.70 అనునది +0.40 కంటె బిగువైన సంబంధము. ఋణ గుర్తును చూచి తక్కువయని యెంచరాదు.

గుణకమును నూటికిన్ని పాళ్లని చదువుటయు తప్పే. 0.80 అనునది 0.40కి రెట్టింపు బలము కలది కాదు. పోలికకు గుణకముయొక్క వర్గమును చూడవలెను. 0.80 వర్గము 0.64, 0.40 వర్గము 0.16. అనగా మొదటి సందర్భమున ఒక వరుసలోని హెచ్చుతగ్గులలో నూటికి 64 పాళ్లు రెండవ వరుసతో పొత్తు కలవి. రెండవ సందర్భమున 16 పాళ్లు మాత్రమే. పై యుదాహరణమున 0.92 వర్గము 0.85.

పిల్లల సంఖ్యయు ముఖ్యము. నిజమున ఏ సంబంధమును లేకున్నను, కొద్దిమందిని తీసికొన్నచో యాదృచ్ఛికముగా పెద్ద గుణకము రావచ్చును. నూటికి ఐదు పాళ్ల సందేహమును అంగీకరించు వాడుక ప్రకారము, పదిమంది పిల్లలైనచో గుణకము సుమారు 0.63ను, ముప్పదిమందియైనచో 0.36ను, నూఱుగురైనచో 0.20ను దాటిన గాని సార్థకమని చెప్పరాదు. అయితే సార్థకత వేఱు, ప్రాముఖ్యము వేఱు. వేలకొలది పిల్లలను తీసికొన్నచో 0.08 కూడ సార్థకమగును; కాని దాని వర్గము నూటికొక పాలైనను కాదు.

గుణకము కన్నుగానని సంబంధములు

ఈ గుణకము సరళరేఖ వెంట నడచు సంబంధమును మాత్రమే కొలుచును. భద్రాచలము కడ గోదావరి మట్టము 43 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ఇచ్చుట వాడుక. నీటిమట్టమునకును బడి హాజరునకును గల సంబంధమును ఏడాది పొడవున లెక్కించినచో ఏమగును? మట్టము 15 అడుగులనుండి 25 అడుగులకు పెరిగినను బడికి పోవు పిల్లవాని కేమియు భేదము లేదు. దారులు మునిగిన దినమున బడి యొక్కసారిగా ఖాళీయగును. నది 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును చేరినప్పుడు బడి మాట యటుండగా ఊళ్లే ఖాళీ చేయవలసి వచ్చెను. సంబంధము నిజమే, మిక్కిలి బలమైనదే; కాని అది ఒక గడప వంటిది. ఏడాదిలోని తక్కిన దినములన్నియు నిశ్చలముగా నుండుటచే గుణకము ఆ బలమును తగ్గించి చూపును.

వంపు తిరిగిన సంబంధములును ఇట్టివే. యెర్క్స్, డాడ్సన్ అనువారు 1908లో చిట్టెలుకలపై ప్రయోగములు చేసి, కష్టమైన పనిని నేర్చునప్పుడు మితమైన ఉద్రేకము మేలుచేయుననియు, అతి తక్కువయు అతి యెక్కువయు కీడుచేయుననియు చూపిరి. ఇట్టి సంబంధమునకు గుణకము సున్నకు దగ్గఱగా వచ్చును. ఆన్‌స్కోంబ్ 1973లో నాలుగు సంఖ్యాపట్టికలను కల్పించి, నాలుగింటికిని గుణకము 0.82యే యైనను, చుక్కల పటము గీచి చూచినచో ఒకటి సరళరేఖగా, ఒకటి వంపుగా, తక్కిన రెండును ఒంటరి చుక్క యొక్కటి చెడగొట్టినవిగా కనబడునని నిరూపించెను. కావున గుణకమును లెక్కించుటకు ముందు చుక్కల పటము గీయుట పరిశోధకునకు విధి.

ఉపాధి విచారము

ఇక ముఖ్య విషయమునకు వత్తము. గుణకము పెద్దది, సార్థకము, సరళరేఖానుగుణము అని తేలినదనుకొందము. అప్పుడైనను కారణము తేలినదా? ఈ ప్రశ్నకు మన తర్కశాస్త్రములో చక్కని మాట యొకటి కలదు, అది ఉపాధి. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమున దీనిని చిన్న పాఠముగా నేర్చుకొందుము. పొగ యున్నచోట నిప్పు తప్పక యుండును. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండున నిప్పు కలదు, పొగ లేదు. నిప్పుతో పొగ కూడి వచ్చుట తడికట్టెల సంబంధమువలన. పొగ యున్న ప్రతిచోటను తడికట్టె యుండును. నిప్పున్న ప్రతిచోటను ఉండదు. ఆ తడికట్టెయే ఉపాధి. నిప్పును పొగను మాత్రమే చూచి లెక్కకట్టువానికి గుణకము పెద్దదిగానే వచ్చును. తడికట్టె మాత్రము అతని పట్టికలో నుండదు.

మన్యపు జ్వరము దీనికి మంచి దృష్టాంతము. గోదావరి మన్యమునకు పోయినవారికి చలిజ్వరము పట్టుకొనునని మైదానపు ప్రజలు ఎఱుగుదురు. అడవి నీరు, చిత్తడి గాలి దానికి హేతువులని చిరకాలము నమ్మిరి. ఐరోపావారును చెడుగాలి యను నర్థము గల పేరునే ఆ జ్వరమునకు పెట్టిరి. చిత్తడికిని జ్వరమునకును గల సహచారము కల్ల కాదు; ఎవరు లెక్కించినను పెద్ద గుణకమే వచ్చియుండును. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూచెను. ఉపాధి బయటపడినది. చిత్తడియున్నను ఆ జాతి దోమ లేనిచోట ఆ జ్వరము లేదు. ఉపాధి తెలియకున్నచో గాలిని తప్పించుకొనుటకు కిటికీలు మూసికొనుచు, నిలువ నీటిని మాత్రము వాకిటనే యుంచుకొందుము. తప్పు కారణము తప్పు చికిత్సకు దారి తీయును.

కావున 'అ', 'ఆ' అను రెండు విషయములకు సహసంబంధము కనబడినప్పుడు కనీసము నాలుగు వివరణములను ముందుంచుకొనవలెను: 'అ' వలన 'ఆ' కలుగుట, 'ఆ' వలన 'అ' కలుగుట, మూడవదొకటి రెండింటిని కలిగించుట, రెండును కాకతాళీయముగా కూడుట. కథల పుస్తకములు ఎక్కువగా చదువు పిల్లలకు పదసంపద ఎక్కువ యని తేలినచో, పుస్తకములు పదములను పెంచినవా, పదములు తెలిసినవాడే పుస్తకము పట్టినాడా, చదువుకొన్న తల్లి రెండింటికిని మూలమా యని అడుగవలెను. గుణకము ఈ నాలుగింటిలో దేనికిని పక్షపాతి కాదు.

భాషపై మోపిన నింద

బూర్గంపాడు పరిశోధక విద్యార్థి కడకు మరలుదము. అతడు ఆఱుగురు పిల్లలను పరీక్షించెనని ఊహింతము. కోయభాషలో కథ చెప్పు నేర్పునకు పదికి మార్కులు వేసెను. తెలుగు చదువు పరీక్షకును పదికి మార్కులు వేసెను. బాట ప్రక్కనున్న పెద్ద బడిలోని ముగ్గురికి కోయ నేర్పున 1, 2, 3. తెలుగు చదువున 7, 8, 9. అడవి లోపలి యేకోపాధ్యాయ పాఠశాలలోని ముగ్గురికి కోయ నేర్పున 7, 8, 9. తెలుగు చదువున 3, 4, 5. ఆఱుగురిని కలిపి లెక్కించినచో సగటులు 5, 6, విచలన లబ్ధముల మొత్తము −32, వర్గముల మొత్తములు 58, 28, గుణకము −0.79. కోయ నేర్పు పెరిగినకొలది చదువు తఱుగుచున్నది, ఉపాధ్యాయుల మాట నిజమైనది అని అతడు వ్రాయును.

అదే పట్టికను బడి వారీగా విడదీయుడు. పెద్ద బడిలో కోయ నేర్పు 1, 2, 3గా పెరుగగా చదువును 7, 8, 9గా పెరిగినది, గుణకము +1. అడవిబడిలో 7, 8, 9కి 3, 4, 5, అచ్చటను +1. రెండు బడులలోను ఇంటిభాషలో నేర్పరియైనవాడే చదువునను నేర్పరి. రెండింటిని కలిపినంతనే దిక్కు తాఱుమాఱైనది. ఏలయన అడవిబడిలో కోయ యెక్కువ, ఉపాధ్యాయుల సంఖ్యయు పుస్తకములును తక్కువ. మార్కులను క్రిందికి లాగినది బడి. నింద పడినది భాషపై. బడి యిచ్చట తడికట్టె. ఈ ఆఱుగురు లెక్క కొఱకు కల్పించినవారే యైనను, ఇట్టి మాయ కల్పన కాదు. అది ఒక దేశమున విద్యాభిప్రాయములనే ఏలినది.

వేల్సు దేశమున సేయర్ అను పరిశోధకుడు సుమారు 1400 మంది పిల్లలను పరీక్షించి 1923లో ఫలితములు ప్రకటించెను. వెల్షు, ఇంగ్లీషు రెండును మాటలాడు పల్లెటూరి పిల్లలు, ఇంగ్లీషు మాత్రమే యెఱిగినవారికంటె ప్రజ్ఞా పరీక్షలో తక్కువగా నుండిరని తేలెను. రెండు భాషల భారము బుద్ధిని మందగింప జేయునను భావము దానితో బలపడెను. కాని ఆయన లెక్కలలోనే పట్టణపు పిల్లల నడుమ ఆ భేదము కనబడలేదు. రెండు భాషలే దోషమైనచో పట్టణమున మాత్రము ఆ దోషమేల పోవును? పల్లె జీవనము, బడి సౌకర్యము, పరీక్ష వ్రాసిన భాష మొదలగు ఉపాధులు తెర వెనుక నుండెను.

మాంట్రియాల్ నగరమున పీల్, లాంబర్ట్ అనువారు 1962లో ప్రకటించిన పరిశోధనములో ఫ్రెంచి బడులలోని పదేండ్ల పిల్లలను, కుటుంబ స్థితిని సమము చేసి పోల్చిరి. ఈసారి ద్విభాషీయులే మెఱుగని తేలెను. ఇచ్చటను పరిశోధకుడు పొంగిపోరాదు. వారు రెండు భాషలందును సమాన నేర్పు గలవారినే ద్విభాషీయులుగా ఎన్నుకొనిరి. తెలివిగలవారే అట్టి నేర్పు సంపాదింతురేమో అను ప్రశ్న మిగిలియున్నది. మన కిష్టమైన ఫలితమునకు కూడ ఉపాధి విచారము తప్పదు.

మనకు మఱింత దగ్గఱి దృష్టాంతము ఒడిశాలోని ఫూల్బాణి ప్రాంతమున కలదు. అచ్చటి కోందు తెగవారిలో కొందఱు తమ కుయి భాషను నిలుపుకొని ఒడియాను కూడ నేర్చిరి. కొందఱు కుయిని విడిచి ఒడియా మాత్రమే మాటలాడుచున్నారు. తెగ యొక్కటి, జీవనము ఒక్కటి, భాషాస్థితి వేఱు. అజిత్ మొహంతి యీ పరిస్థితిని ఉపయోగించుకొని ఏండ్ల తరబడి పరిశోధించి, 1994లో ఒక గ్రంథమున ఫలితములను సమీకరించెను. రెండు భాషలు గల పిల్లలు బుద్ధి పరీక్షలలోను, భాషను గుఱించి ఆలోచించు శక్తిలోను మెఱుగుగా నుండిరి. ఉపాధులను వీలైనంతవఱకు సమము చేసిన పోలిక యిట్టి ఫలితము నిచ్చుట గమనింపదగినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2004లో కోయ, సవర, గోండి మొదలగు ఎనిమిది భాషలలో ప్రారంభ విద్యకు పూనుకొనుటయు ఈ దృష్టితో చూడవలసిన యుద్యమమే.

సమూహముల లెక్క, వ్యక్తుల లెక్క

పిల్లలను పరీక్షించుట శ్రమయని యెంచి, జనగణన పట్టికలనుండి మండలముల వారీగా అంకెలు తీసికొనువారు కలరు. ఏ మండలమున గిరిజనుల పాలు ఎంత, అక్షరాస్యత యెంత యని రెండు వరుసలు వ్రాసి గుణకము కట్టుదురు. ఇందలి ప్రమాదమును రాబిన్సన్ 1950లో చూపెను. అమెరికా 1930 జనగణనలో రాష్ట్రముల వారీగా లెక్కింపగా, విదేశములలో పుట్టినవారు ఎక్కువగా నున్న రాష్ట్రములలో నిరక్షరాస్యత తక్కువ. గుణకము సుమారు −0.53. వ్యక్తుల వారీగా లెక్కింపగా విదేశములలో పుట్టినవారిలోనే నిరక్షరాస్యత కొంచెము ఎక్కువ. గుణకము సుమారు +0.12. వలస వచ్చినవారు చదువు వ్యాపించిన రాష్ట్రములలో స్థిరపడుటయే యిందులకు హేతువు. సమూహములను గుఱించిన గుణకముతో వ్యక్తిని గుఱించి మాటలాడరాదు.

బూర్గంపాడు విషయమున మఱియొక చిక్కు కలదు. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము తూర్పు గోదావరినుండి విడివడి అందు చేరినది. 2014లో పోలవరము ప్రాజెక్టు మూలమున బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. మిగిలిన భాగము 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. కావున 2011 జనగణనలోని బూర్గంపాడు మండలమును, 2014 తరువాతి బూర్గంపాడు మండలమును ఒక్కటే యనుకొని అంకెలు జతపఱచినచో, పేరు ఒక్కటే కాని నేల వేఱు. జత కూడని జతలనుండి ఏ గుణకమును నిలువదు.

కొలబద్ద దోషములు

కొలబద్దయే వదులుగా నున్నచో గుణకము తగ్గును. ఈ విషయమును స్పియర్‌మన్ 1904లోనే సూత్రీకరించెను. రెండు శక్తుల నడుమ నిజమైన సహసంబంధము 0.60 అనుకొందము. ఒక పరీక్ష విశ్వసనీయత 0.81, మఱియొకదానిది 0.64 యైనచో, వాని లబ్ధముయొక్క వర్గమూలము 0.72, మనకు కనబడు గుణకము 0.43 మాత్రమే. చిన్న గుణకము వచ్చినప్పుడు సంబంధము లేదని తీర్పు చెప్పుటకు ముందు పరీక్షల విశ్వసనీయతను విచారింపవలెను.

సప్రమాణత అంతకంటె సున్నితము. తెలుగు మాటలతో పెట్టిన ప్రజ్ఞా పరీక్షలో కోయ పిల్లవాడు తడబడినచో తఱిగినది ప్రజ్ఞయా, తెలుగు పరిచయమా? అట్టి పరీక్షకును తెలుగు వాచకపు మార్కులకును పెద్ద గుణకము వచ్చుట ఆశ్చర్యము కాదు. రెండును తెలుగునే కొలిచినవి. ఒకే వస్తువును రెండు పేర్లతో కొలిచి, రెండింటికి సంబంధము కనుగొంటినని సంతోషించుట యిది.

ఇక ఎంపిక దోషము. పదవ తరగతి పిల్లలను మాత్రమే తీసికొని ఇంటి స్థితికిని మార్కులకును సంబంధము కట్టినచో గుణకము చిన్నదిగా వచ్చును. దానిని చూచి ఇంటి స్థితి లెక్కలోనికి రాదని చెప్పుట సాహసము. మిక్కిలి కష్టములలో నున్నవారు ఆ తరగతికి రాకమునుపే బడి మానియుందురు. మిగిలినవారి హెచ్చుతగ్గుల వ్యాప్తి కుదించుకొనిపోయినది. వ్యాప్తి కుదించిన గుణకము కుదించుకొనును. పట్టికలో లేని పిల్లలే యిచ్చట ముఖ్య సాక్షులు.

పరిశోధకునకు కర్తవ్యము

ఇంతవఱకు చెప్పినది విని సహసంబంధ పద్ధతియే వ్యర్థమని తలపరాదు. మనస్తత్వ శాస్త్రమున ప్రయోగమార్గము, సహసంబంధమార్గము అను రెండు విభాగములు కలవనియు, అవి రెండును కలిసి నడువవలెననియు క్రోన్‌బాక్ 1957లో వాదించెను. ప్రయోగము చేయరాని చోట్లు అనేకములు. కొందఱు పిల్లలకు ఇంటిభాషను మాన్పించి, కొందఱికి ఉంచి, ఎవరు బాగుపడుదురో చూతమని ఏ పరిశోధకుడును అనరాదు. అట్టిచోట ఉన్న భేదములను ఉన్నట్లు గ్రహించి లెక్కించుటయే గతి. సహసంబంధము పెక్కు సాక్ష్యములతో కూడినప్పుడు కారణజ్ఞానముగా పండుటయు కలదు. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలలో అంగిటి క్యాన్సరు ఎక్కువ యని గమనింపబడెను. నిప్పు వేడి తగులు చోటనే వ్యాధి పుట్టుట, వాడుక మొదట, వ్యాధి తరువాత వచ్చుట మొదలగునవి కూడినందుననే ఆ సహచారము కారణమని నమ్మదగినదైనది.

పరిశోధక విద్యార్థులు ఈ క్రమమును పాటించుట మంచిది. మొదట చుక్కల పటము గీచి సంబంధపు రూపమును చూడవలెను. మార్కులు నమ్మదగినవి కానిచో వరుస స్థానములతో కోటి సహసంబంధమును కట్టవలెను. పిల్లల సంఖ్యను, పరీక్షల విశ్వసనీయతను గుణకము ప్రక్కనే ప్రకటింపవలెను. బడి, ఊరు, బాల బాలికా భేదము, కుటుంబ స్థితి అను విభాగములలో విడివిడిగా గుణకములు కట్టి, కలిపిన గుణకముతో పోల్చవలెను. మూడవ విషయపు ప్రభావమును తొలగించి లెక్కించు పాక్షిక సహసంబంధమును తెలిసికొనవలెను. మన ఆఱుగురి పట్టికలో బడి భేదమును తొలగింపగా −0.79 అను గుణకము +1గా మాఱును. అయితే పాక్షిక సహసంబంధమైనను మనము కొలిచిన ఉపాధిని మాత్రమే తొలగింపగలదు. తలపునకు రాని ఉపాధిని ఏ సూత్రమును తొలగింపదు. దానిని తలపునకు తెచ్చునది లెక్క కాదు, ఆ యూరిని, ఆ బడిని, ఆ భాషను ఎఱిగిన యెఱుక. ఇచ్చటనే భాషాసాహిత్య పరిశోధకుడు సాంఖ్యక శాస్త్రజ్ఞునకు తోడు కావలెను.

తీర్పు వ్రాయు వాక్యమునందు క్రియాపదమును ఎంచుకొనుటలో మిక్కిలి జాగ్రత్త వలయును. 'కూడియున్నది' అనదగినచోట 'కలిగించినది' యని వ్రాయరాదు. మన సిద్ధాంతగ్రంథములు అలమరలలో నిలిచిపోవునని తలపరాదు. వానిలోని వాక్యమొకటి ఉపాధ్యాయ శిక్షణ తరగతిలో పాఠమగును, అక్కడినుండి బడిలో నియమమగును. కోయభాష చదువునకు అడ్డమని ఋణ గుణకము నొకదానిని చూచి వ్రాసినచో, బడి గడపలో ఇంటిమాట నిషేధింపబడును; అడవిబడికి రావలసిన రెండవ ఉపాధ్యాయుని మాట మఱుగున పడును. ఉపాధిని వెదకినవాడు ఆ ఉపాధ్యాయుని అడుగును. వెదకనివాడు పిల్లవాని నోరు మూయించును.